గుట్టవాలు సేద్యము - పెద్దల నడుము



నేడు నేను చెప్పబోవునది నడుము నొప్పిని గూర్చి. మందుల మాట వైద్యునిది. చేనిలో నిలుచుట, వంగుట, ఎత్తుట మాత్రము మన చేతిలోనివి.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమలో చెరువుల క్రింది మళ్లను విడిచినచో, నందిదుర్గము మొదలు గుడిబండ, అంబాజీదుర్గముల వరకు గుట్టలును వాలునేలలును మిక్కిలిగా గలవు. ఆ వాలులలో రాగి, వేరుశనగ వేయువారెవరు? మామిడికి పాదులు త్రవ్వువారెవరు? పిల్లలు పలువురు బెంగుళూరు చేరిరి. అరువది దాటిన దంపతులే అనేక చేలలో మిగిలినారు. పని మానుడని చెప్పుట నాకు సులభము, మీకు అసాధ్యము. కావున ఆ మాట చెప్పను.

మొదట నిలుచు తీరు. కలుపు తీయువారు కొందరు మిట్టనుండి దిగువకు వత్తురు. దిగుట సుళువని వారి తలంపు. కాని దిగువకు మొగము పెట్టి వంగినవానికి నేల మరింత దూరమగును. దాని నందుకొనుటకు నడుము ఇంకను వంగవలెను. కాలు జారినచో తల ముందు పోవును. దిగువను నిలిచి ఎగువకు మొగము పెట్టినచో నేలయే చేతికి ఎదురు వచ్చును. మన్ను కొట్టుకొనిపోకుండ సాళ్లను వాలుకు అడ్డముగా వేయుదుము గదా! ఆ సాలు వెంట ప్రక్క అడుగులు వేయుచు, ఎగువకే చూచి పని చేయవలెను. కాళ్లు కొంచెము ఎడముగా నుంచి, నడుముకంటె మోకాళ్లను ఎక్కువ వంచవలెను.

స్వీడను దేశపు వైద్యుడు నాకెంసన్ 1960లలో వెన్నుపూసల నడుమ సూది చొప్పించి అచ్చటి ఒత్తిడిని కొలిచెను. నిటారుగా నిలుచున్నప్పటి ఒత్తిడిని నూరుగా లెక్కించినచో, ముందుకు వంగినప్పుడు అది సుమారు 150. చేత బరువుతో వంగినప్పుడు 200 దాటును. దినమంతయు వంగియున్న మన తల్లుల నడుము ఎంత మోయుచున్నదో ఊహింపుడు.

ఇందులో పనిముట్టు దోషము కూడ కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కూలీలచే కురుచపిడి తొలికలతో కలుపు తీయించెడివారు. వంగి వంగి నడుములు పోయినవని కూలీలు పోరాడగా, 1975లో అట్టి పనిముట్టు అచ్చట నిషేధింపబడెను. మనకు నిషేధ మక్కరలేదు, కమ్మరి చాలును. నిలుచుండి పట్టుటకు చాలునంత పొడవైన పిడి వేయించుకొనుడు. సాళ్ల నడుమ చక్రపు గుంటకను నడపుడు. మొక్క మొదట చేతితో తీయక తప్పనిచోట, అరగంట కొకసారి లేచి నాలుగడుగులు నడువుడు. గొంతుకూర్చుండి గంటలకొలది యున్నచో మోకాలిచెంత నరము నొక్కుకొని పాదము తిమ్మిరెక్కును.

ఇక బరువు. అమెరికా వృత్త్యారోగ్య సంస్థ 1991లో సవరించిన లెక్కలో, అన్నియు అనుకూలముగ నున్నప్పుడు ఎత్తదగిన గరిష్ఠ భారము 23 కిలోలు. యూరియా మూట 2018లో 50 నుండి 45 కిలోలకు తగ్గినను దానికి దాదాపు రెట్టింపే. మూటను గట్టుననే విప్పి తట్టలతో మోయుడు. టమాట పెట్టె 15 కిలోలు. ఒకటి చాలును, రెండు వలదు. పదిమంది చూచుచుండగా రెండు పెట్టెలెత్తుట మగతనమని భావించు తాతలు మనలో నున్నారు! బరువుతో దిగునప్పుడు నిట్టనిలువుగా దిగక వంకరటింకరగా దిగవలెను. మోకాళ్లకు దిగుటయే ఎక్కువ శ్రమ.

రక్తపోటు మాత్రలు మ్రింగువారు వంగి చటుక్కున లేవరాదు. తల తిరిగినచో చదునైన చోట కూలబడుదురు, వాలుపై దొర్లిపోవుదురు.

ఇంకొక మాట గలదు. ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను నడుము వంగకున్న, అది వయసని సరిపెట్టుకొనరాదు. మన సీమలోని లోతైన బోరుబావుల నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు అధికము. అది ఏండ్ల తరబడి ఎముకలలో చేరి వెన్నును, కీళ్లను కర్రవలె బిగించును. ఈ వ్యాధి మన దేశమున 1937లో నెల్లూరు ప్రాంతమునుండి వైద్యలోకమునకు తెలియవచ్చెను. గడ్డము రొమ్మునకు తగులుచున్నదా? మోకాళ్లు వంచక వ్రేళ్లు పాదములను అందుకొనుచున్నవా? చేతులు తల వెనుకకు పోవుచున్నవా? లేనిచో బలవంతముగా వంచక వైద్యునికి చూపుడు. అట్టి ఎముకలు బిగిసినవే గాని గట్టివి కావు, పడినచో విరుగును. వైద్యునికి చెప్పునప్పుడు చేయిపెట్టి చూపుడు. కన్నడమున "సొంట" యన్నచో మన నడుమును కావచ్చును, తుంటియు కావచ్చును.

త్రాగునీటిని పరీక్షింపించుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన మితి లీటరునకు 1.5 మిల్లీగ్రాములు. కాచినచో ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరినకొలది చిక్కనగును. వాననీటిలో ఈ బెడద లేదు. పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసికొనిపోవుడు. ఏ ఊరి బోరు, ఎన్ని అడుగుల లోతు, ఏ తేదీన పట్టినది చీటీపై వ్రాసి అంటించుడు.