కాగితము మీద పెట్టిన కోరికలు
(అరసవల్లిలో జరిగిన సంఘ కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



జీవితములో మనకు కావలసిన వాటిని, చేయదలచుకొన్న వాటిని ఒక కాగితము మీద జాబితాగా వ్రాసికొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ములను కోరినారు. జాబితా వ్రాయుట మనకు కొత్త పని కాదు. నెల మొదట కిరాణా కొట్టుకు పోవునప్పుడు చీటీ వ్రాస్తాము. పిల్లకు పెండ్లి కుదిరితే ఎవరికి శుభలేఖ, ఎవరికి చీర, ఎవరికి పంచె అని నోటుపుస్తకము నిండా వ్రాస్తాము. క్రిస్మసు రెండు వారములున్నదనగా పిండివంటలకు బెల్లమెంత, నూనె ఎంత అని వ్రాస్తాము. పావుకిలో చింతపండు మరచిపోకూడదని కాగితము వెదకికొనే మనము, రానున్న ఇరువది సంవత్సరములలో ఏమి చేయాలనుకొంటున్నామో మాత్రము ఎక్కడా వ్రాయము. అది మనస్సులో ఉన్నదిలే అంటాము. మనస్సులో ఉన్న చింతపండు కొట్టుకు చేరేసరికి ఏమవుతుందో తెలిసి కూడా అంటాము!

ఈ విషయములో లోకము ఎక్కువగా చెప్పుకొనే పేరు జాన్ గోడార్డ్ అనే అమెరికా దేశస్థునిది. 1940లో, పదిహేనేండ్ల వయస్సులో, ఆయన తాను చేయదలచుకొన్న 127 సంగతులు వ్రాసిపెట్టుకొన్నారు. నైలు నది మీద ప్రయాణము చేయుట అందులో ఒకటి. 1950-51లో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న పడవలలో ఆ పని చేసినారు. నిమిషమునకు 50 మాటలు టైపు కొట్టుట కూడా అదే జాబితాలో ఉన్నది. మాకు నచ్చినది ఇదే. నైలు నది ప్రక్కనే టైపు మిషను కూర్చున్నది. పెద్దది, చిన్నది అని ఆ కుర్రవాడు తేడా చూపలేదు. 2013లో ఆయన కన్నుమూసేనాటికి నూటికి పైగా పూర్తియైనవి. చంద్రమండలమునకు పోవుట మిగిలిపోయినది.

అయితే ఆ జాబితాను ఉన్నదున్నట్లు మన ఇండ్లకు తెచ్చుకొంటే కుదరదని మా అభిప్రాయము. అది ఒక్క కుర్రవాని జాబితా. చెల్లెలి పెండ్లి చేయాలని, తాకట్టు పెట్టిన పొలము విడిపించాలని, తల్లికి కంటి ఆపరేషను చేయించాలని ఆయన వ్రాయవలసిన అవసరము లేకపోయినది. మన దగ్గర ఒక మనిషి కోరిక వెనుక నలుగురి కోరికలు ముడిపడి ఉంటాయి. అందుచేత మన జిల్లాలోనే పుట్టి పెరిగినవారిని ఇద్దరిని చూద్దాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేటలో పుట్టినారు. తండ్రి చిన్నతనములోనే పోయినారు. విజయనగరములో మేనమామ గారి ఇంట ఉండి చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతము మీద ఉపాధ్యాయులుగా చేరినారు. మనలో చాలమందికి అంతటితో జాబితా పూర్తియైనట్లే. పంతులు గారికి అక్కడ మొదలైనది. చుట్టుపట్ల కొండలలో ఉండే సవరల భాష నేర్చుకోవాలని పూనుకొన్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంటిలో పెట్టుకొని మాట మాటగా నేర్చినారు. తరువాత సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకములు, వారికి బడి. ప్రభుత్వము వారు పారితోషికము ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టండి అని చెప్పినారట. ఆ కొండలలో తిరిగినందుకు చలిజ్వరము పట్టుకొన్నది. జ్వరమునకు వాడిన క్వినైను వలన చెవులు దెబ్బతిన్నవి. మనుషుల నోట వినిన మాటను వ్రాసుకొనుటయే పనిగా పెట్టుకొన్నవారికి వినికిడి పోయినది. అయినను ఆ పని మానలేదు. 1931లో సవర భాషకు వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. ఆ నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయస్సు 75.

ఇంకొక సంగతి. వాడుక భాష ఉద్యమము అంటే మనకు వెంటనే గుర్తు వచ్చేది ఆయన పేరే. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవము జరుపుకొంటున్నాము. కాని ఆ పని ఆయన పడుచుతనములో వ్రాసుకొన్న వరుస కాదు. నలుబది ఏండ్లు దాటిన తరువాత, 1907 ప్రాంతములో బడిపుస్తకాల భాషను గూర్చి చర్చ లేచినప్పుడు ఆయన జీవితములో చేరిన వరుస. నలుబది దాటినవారు ఇక మాకేమున్నదండీ అంటూ ఉంటారు. వారి కోసము ఈ మాట చెప్పినాము. (పంతులు గారు ఉంటే మా ఈ భాష విని నవ్వేవారు. అది వేరే విషయము.)

రెండవవారు మనకు బాగా తెలిసిన అమ్మాయి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము తెచ్చినది. భారత దేశపు స్త్రీకి ఒలింపిక్సులో వచ్చిన మొదటి పతకము అదే. ఇక్కడ యౌవనస్థులు ఒక విషయము గమనించాలి. ఆమె ఊరిలో బరువులు ఎత్తడము మొదలుపెట్టిననాడు ఒలింపిక్సులో ఆడవారికి ఆ పోటీయే లేదు. సిడ్నీలోనే మొదటిసారి పెట్టినారు. అంటే, ఆనాడు ఎంత ఆశ గల పిల్ల కూర్చొని జాబితా వ్రాసినా ఆ వరుస వ్రాయుటకు వీలులేదు. అంతకు ముందు 1994లో, 1995లో ప్రపంచ విజేతగా నిలిచి, చేతిలో ఉన్న పనిని చేస్తూ పోయినది గనుక తలుపు తెరుచుకొన్ననాడు గుమ్మములో ఉన్నది. జాబితా అడుగున నాలుగు వరుసలు ఖాళీగా విడిచిపెట్టుమని మేము చెప్పేది అందుకే.

ఆనాటి చివరి ప్రయత్నము 137.5 కిలోలు. ఎత్తితే బంగారమే. నిలువలేదు. ఆమె పైనున్న ఇద్దరూ ఎత్తినది 242.5. తేడా రెండున్నర కిలోలు. తక్కువ బరువు అడిగి ఉంటే బాగుండేదని ఆనాటి నుండి నేటి దాకా టీ కొట్టుల దగ్గర చెప్పేవారున్నారు. బరువు ఎత్తినవారు ఆ మాట అనడము మేమెక్కడా వినలేదు.

ఇక మన సంగతి. మేము కొందరము కలిసి క్రిందటి యేడు కూటములో తెల్లకాగితములు పంచి, అరగంట సమయమిచ్చినాము. ఎవరిది వారే వ్రాయాలి, ప్రక్కవారిది చూడకూడదు అని మాత్రమే నియమము. మొదట పది నిమిషములు ఎవరూ కలము కదపలేదు. వెనుక వరుసలో ఒక ముసలమ్మ గారు, "ఏటి రాయమంతారు బావూ? నాకేటి కావాల? పిల్లలు బాగుంటే సాలు" అన్నారు. పిల్లలను గూర్చి కాదు, మీ మట్టుకు చెప్పండి అమ్మా అని మేము మరల అడిగితే చాలసేపు ఊరకున్నారు. తరువాత మెల్లగా, "బేంకులో ఏలిముద్ర ఎయ్యకండా నా పేరు నాను రాసుకోవాల" అన్నారు. ఆ గదిలో వ్రాసిన కాగితములన్నిటిలో ఆ ఒక్క వరుసకు తూగేది మాకు కనబడలేదు. ఆమె మనుమరాలు పలక కొని తెచ్చినది. పేరులో మొదటి రెండక్షరములు వచ్చినవి. మూడవది వత్తు అక్షరము. అక్కడ ఆగినది.

ఎచ్చెర్ల వైపు తీరము నుండి వచ్చిన ఒక కుటుంబమున్నది. ఆయన గుజరాతులోని వెరావల్ లో బోటు మీద పనిచేస్తారు. ఆగస్టులో పోతే మరల వేసవి దాకా ఇంటి ముఖము చూడరు. 2018 నవంబరులో మనవారు సరిహద్దు దాటినారని పాకిస్తాను వారు పట్టుకొనిపోవుట, ఇరువది మంది 2020 జనవరిలో విడుదలై వచ్చుట మీకు తెలిసినదే. అప్పటి నుండి ఆ ఇంటిలో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆయన ఒక మూల, ఆమె ఇంకొక మూల కూర్చొని వ్రాసిన కాగితములలో మొదటి వరుస ఒక్కటే: మన ఊరి రేవులోనే వేట. పదునాలుగేండ్ల కాపురములో ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోని మాట. కాని బోటు యజమాని దగ్గర తీసికొన్న అడ్వాన్సు ఉన్నదే! కాగితము అప్పు తీర్చదు. అయితే ఆ వరుస ప్రక్కన అప్పు అంకె వేసినారు. ఈ యేడు అడ్వాన్సు సగమే తీసికోవాలని, మిగిలిన సగమునకు ఆమె కుట్టుమిషను పని చూచుకోవాలని క్రింద వ్రాసినారు. మూడేండ్లు పట్టవచ్చు. మధ్యలో ఒక జబ్బు వస్తే ఐదు. అందుకే పెద్ద వరుస ప్రక్కన ఖర్చు వ్రాయుమంటాము. ఖర్చు లేని కోరిక వ్రాసినంతసేపే బాగుంటుంది.

మమ్ములను ఎక్కువ ఆలోచింపజేసినది ఒక తండ్రీ కొడుకుల సంగతి. ఇంటరు చదువుతున్న కుర్రవాడు కాగితము తీసికొని, "నాన్నను అడిగి వస్తాను" అని లేచినాడు. వద్దన్నాము. ఇంజనీరింగు, తరువాత అమెరికా అని వ్రాస్తాడనుకొన్నాము. ఐ.టి.ఐ. ఫిట్టరు కోర్సు, పైడిభీమవరములో ఏదైనా కంపెనీలో పని, అమ్మ దగ్గరే ఉండుట అని వ్రాసినాడు. తండ్రికి కోపము వచ్చినది. కష్టపడి ఫీజులు కట్టిన తండ్రికి కోపము రావడములో తప్పు లేదు. అయితే ఆయన కాగితము చూస్తే అందులో ఉన్న వరుసలన్నీ కొడుకువే. ర్యాంకు, సీటు, వీసా, ఇల్లు. ఆయన పేరున ఒక్కటి లేదు. మీ మట్టుకు ఏమి కావాలి అని అడిగితే తల దించుకొన్నారు. వారమునకు వచ్చి, చిన్ననాడు హార్మోనియము నేర్చుకోవాలని ఉండేదండీ అన్నారు. కొడుకు విషయము ఇంకను తేలలేదు. ఇద్దరూ మాట్లాడుకొంటున్నారు, కొన్నిసార్లు గట్టిగానే. ఒక మాట మాత్రము తలిదండ్రులకు చెప్పవలసియున్నది. తన కాగితము ఖాళీగా ఉన్నవారే పిల్లల కాగితము నింపుటకు తొందరపడతారు.

కొన్ని వరుసలు ఎదురింటివారి డాబా చూచి వ్రాసినవి. అవి వ్రాసినవారికే తెలుస్తాయి. రెండు నెలల తరువాత చదివితే వాటి మీద ఆశ ఉండదు, కొట్టివేయవచ్చును. ఇంకొన్ని మన చేతిలో లేనివి. కొడుకుకు మంచి కోడలు, వానలు పడుట, కిడ్నీ జబ్బు తగ్గుట. వాటిని ప్రార్థనలో పెట్టుకొందాము, జాబితాలో వద్దు. కిడ్నీ జబ్బు విషయములో జాబితాలో వ్రాయదగినది ఒకటున్నది: యేటేటా రక్త పరీక్ష చేయించుకొనుట.

వ్రాసినది ఎప్పుడు తీసి చూడాలని అడుగుతారు. డిసెంబరు 31 రాత్రి ఎటూ మేలుకొని ఉంటాము. కాని ఏడాదికి ఒక్కసారి చాలదు. మన ఊరి గుడిలో సూర్యకిరణములు మార్చిలో, అక్టోబరులో మూలమూర్తి పాదముల మీద పడతాయని మన పొరుగువారు ఆ తేదీల కోసము ఎదురుచూస్తారు. ఊరంతా అడగకనే గుర్తుచేసే తేదీలు అవి. అరసవల్లిలో ఉన్న మనకు అంతకంటె తేలిక గుర్తు వేరే ఎందుకు? ఆ రెండు వారములలో ఒక సాయంకాలము కాగితము తీయండి.

పూర్తియైన వరుసను కూడ మరల తెరువవచ్చును. విజయనగరములో గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చైనది. ఇంకొకరైతే టిక్కు పెట్టి ఊరకుందురు. ఆయన దానిని దాదాపు కొత్త నాటకముగా తిరిగి వ్రాసి 1909లో వెలువరించినారు. మనము చదివేది ఆ రెండవదే. అదే సమయములో బిల్హణీయము, కొండుభట్టీయము పూర్తి కాకయే 1915లో, 53 ఏండ్లకు, ఆయన వెళ్ళిపోయినారు. అసంపూర్ణముగా ఉన్న ఆ రెండును నేడు అచ్చులో ఉన్నవి. చదివేవారు చదువుతూనే ఉన్నారు.

కాగితములు బయట వరండాలో బల్ల మీద పెట్టినాము. చదువురానివారికి వ్రాసిపెట్టుటకు ఇద్దరు ఆడపిల్లలు కూర్చొని ఉంటారు. వారు వినినది బయట చెప్పరు. భార్యాభర్తలు వేరు వేరు చోట్ల కూర్చొని వ్రాయండి. ఇంటికి పోయిన తరువాత, పిల్లలు పడుకొన్నాక, ఒకరిది ఒకరు చదువుకొనండి.