వృద్ధాశ్రమమునందు మధుమేహ రక్షణము
(భైంసా వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



మన సంఘము భైంసాలో వృద్ధాశ్రమమును నిర్మింపదలచినదని విని మిక్కిలి సంతసించితిమి. గదులెన్ని, ఏ గదికి ఎవరి పేరిట శిలాఫలకము అను చర్చ నిన్నటి రాత్రి చాలసేపు జరిగినది. అందు నివసింపబోవు మధుమేహరోగులను చూచువారెవరను ప్రశ్న మాత్రము పుట్టలేదు. దానిని మేము వేయుచున్నాము.

మేము వైద్యులము కాము; బాలురచేత శబ్దములు వల్లెవేయించి విశ్రాంతి గొన్నవారము. ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. మూత్రమునకు చీమలు చేరుటను చరకసంహిత ప్రమేహ పూర్వరూపములలో చెప్పినది. సహజము, అపథ్యజనితము అని సుశ్రుతుడు దానిని రెండుగా విభజించెను. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారలు ఇన్సులినును సాధించుటతో చికిత్స మారిపోయినది. మన దేశమున పది కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము 2023లో తెలిపినది. కావున మన ఆశ్రమమునకు వారు రాకుండుట కల్ల.

చక్కెర పెరుగుటయే ప్రమాదమని మనవారి తలంపు. వృద్ధునకు అది పడిపోవుట తక్షణాపాయము. మా సహోపాధ్యాయులొకరు వేరొక ఊరి ఆశ్రమమున నుండిరి. ఒకనాటి సాయంకాలము ఆయనకు సూది వేసిరి. భజన సాగుచుండుటచే భోజనము ఆలస్యమైనది. పెద్దాయన నిద్రించుచున్నాడని తలచి ఎవరును లేపలేదు. తెల్లవారునప్పటికి పడక చెమటతో తడిసియుండెను. ఆయన బ్రదికిరి, కాని మా పేరు మరల పలుకలేకపోయిరి. ముప్పది యేండ్లు ఒకే బల్లకడ కూర్చున్నవారము!

వృద్ధులలో వణకు, ఆకలి కానరాకపోవచ్చును. తికమక మాటలు, మగత, తూలుట మాత్రమే యుండును. దానిని మనము చాదస్తమందుము. అట్టియెడ వెంటనే రక్తము పరీక్షింపవలెను. 70కి తక్కువైనచో మూడు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల చూడవలెను. స్మృతి తప్పినవాని నోట ఏమియు పోయరాదు. 108కి కబురంపి ఆసుపత్రికి చేర్పవలెను. గ్లిబెన్‌క్లమైడు వంటి పాత మాత్రలు మూత్రపిండములు క్షీణించిన వృద్ధులకు ఇట్టి ప్రమాదమును ఎక్కువగా తెచ్చును. ఆశ్రమమున చేర్చుకొనునాడే మందులన్నియు వైద్యునికి చూపవలెను.

యువకునకు మూడు నెలల సగటు పరీక్షలో ఏడు శాతము లక్ష్యమగుగాక. బలహీనులైన వృద్ధులకు ఎనిమిది, ఎనిమిదిన్నర వరకు చాలునని వైద్యులు చెప్పుచున్నారు. వారిని పస్తులుంచి సాధించునదేమి? జొన్నరొట్టె తినినచో షుగరు రాదను మాట మన ప్రాంతమున వినబడుచుండును. రొట్టెయైనను మితి మీరిన చక్కెరను పెంచును. అదియటుండ, పండ్లు లేనివాడు రొట్టెను నమలలేక పళ్లెమున వదలును. వేసిన సూది మాత్రము తన పని తాను చేయును! అట్టివారికి గటకయో, మెత్తని అన్నము పప్పుతోనో పెట్టవలెను. ఎంత తినునో తెలియనివానికి, త్వరగా పనిచేయు ఇన్సులినును తినిన పిదప వేయవచ్చునా యని వైద్యుని అడుగవలెను. ఏకాదశి ఉపవాసమును గూర్చియు ముందే అడుగవలెను.

పోషకులకొక మనవి. తద్దినమునకో, పుట్టినరోజునకో ఆశ్రమమునకు లడ్డూల బుట్టలు పంపుట మనకు అలవాటు. మేమును పంపితిమి, ఆ పాపము మాకును కలదు. వానికి బదులు పరీక్షాపట్టీలు, మెత్తని చెప్పులు పంపుడు. స్పర్శ నశించిన పాదమునకు ముల్లు గ్రుచ్చినను తెలియదు. ప్రతిదినము అరికాళ్లు చూచువారుండవలెను. వేసవిలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. వాడుకలో లేని ఇన్సులిను శీతలపేటికలో 2 నుండి 8 డిగ్రీల మధ్య నుండవలెను, గడ్డకట్టరాదు. కరెంటు పోయినచో తడి ఇసుకలో నిలిపిన మట్టికుండ కొంత ఆదుకొనును.

ప్రతి జిల్లాలో కనీసము 150 మందికి ఒక ఆశ్రమము నెలకొల్పవచ్చునని 2007 నాటి చట్టము ప్రభుత్వములకు సూచించినది. మన ఆశ్రమమున ఇరువది మందియే యుండినను, రాత్రి మేలుకొనియుండు శిక్షితురాలగు నర్సు ఒకతె, ప్రతివాని సూదిని, భోజనమును, చక్కెర కొలతను వ్రాయు పుస్తకమొకటి యుండవలెను. ఆ నర్సు జీతమునకు మా పింఛనునుండి నెలకు వేయి రూపాయలిత్తుము. కార్యదర్శిగారు ఇప్పుడే వ్రాసికొని, తక్కిన పేర్లకై ఈ కాగితమును సభలో త్రిప్పుదురుగాక.