పాత ట్రాక్టర్‌కు రోజువారీ పరామర్శ

ఇరవై ఏళ్లు దాటిన ట్రాక్టర్ కూడా చక్కగా దుక్కి దున్నుతుంది. దానికి కావలసింది రోజూ కాస్త శ్రద్ధ.

పొద్దున్నే ఇంజను స్టార్టు చేయకముందే, బండి చదునైన చోట ఉండగా డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీళ్లు కలిశాయని అర్థం. ఇక బండి తీయకుండా మెకానిక్‌ను పిలవండి. రేడియేటర్‌లో నీళ్లూ చూసుకోండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత తీయవద్దు, ఆవిరి ఎగదన్ని ఒళ్లు కాలుతుంది.

పాత బండ్లలో చాలావాటికి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటుంది. దుమ్ములో పనిచేసే రోజుల్లో దాని గిన్నె విప్పి, మట్టి పేరుకున్న ఆయిల్ తీసేసి, గుర్తు వరకు కొత్తది పోయండి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోతాయి.

పొగ రంగు గమనించండి. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే గాలి చాలడం లేదనో, బరువు ఎక్కువైందనో అనుకోవాలి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ మండుతోందన్నమాట.

దమ్ము చేశాక బురద కడిగి, గ్రీజు గన్‌తో కొత్త గ్రీజు పెట్టండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేయండి. ఒక్కవైపే బ్రేకు పడితే బండి తిరగబడే ప్రమాదం ఉంది.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల సంస్థ ట్రాక్టర్ నిర్వహణలో శిక్షణ ఇస్తుంది. మీ ఇంట్లో బండి నడిపేవారిని అక్కడికి పంపండి.