గోదారి ఒడ్డు నుంచి ఓడ మీదికి
(మంచిర్యాలలో జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలయ్యే ముందు ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది. "బిడ్డా, నా బిడ్డ గూడ నీ లెక్క ఓడ మీదికి పోతనంటున్నది. పంపుమంటవా, వద్దంటవా?" జవాబు సభలోనే చెప్తానన్నాను. నేను మాట్లాడబోయేదంతా ఆమె ప్రశ్నకు జవాబే.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సముద్రం లేదు. నేను మొదటిసారి సముద్రాన్ని చూసింది పద్దెనిమిదో ఏట, శిక్షణకు పోయినప్పుడు. కానీ మనకు గోదావరి ఉంది. పాత జిల్లాల లెక్కలో ఈ ఒడ్డు ఆదిలాబాద్, ఆ ఒడ్డు కరీంనగర్. మాది ధర్మపురి వైపు, అమ్మమ్మ ఊరు ఇటు వైపు. చిన్నప్పుడు పడవలోనే దాటేవాళ్ళం. పడవ నడిపేది భర్త. అడుగున ఊరే నీళ్ళు డబ్బాతో తోడిపోసేది, ఎక్కే దిగే వాళ్ళకు చెయ్యి అందించేది, పిల్లల్ని పట్టుకునేది భార్య. పంట ఇంటికొచ్చినప్పుడు ఊరు ఇచ్చే వడ్లు మాత్రం ఆయన పేరు మీదే కొలిచేవారు. ఆయనది పని, ఆమెది ఆయనకు తోడు. లోకం వేసిన లెక్క అది.

ఈ నది మీద ఆవిరి ఓడలు నడపాలని ఇంగ్లీషువాళ్ళు ఒకప్పుడు గట్టిగానే ప్రయత్నించారు. సముద్రం నుంచి వార్ధా పత్తి దేశం దాకా జలమార్గం వెయ్యాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. 1860లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఎడమ గట్టున సిరొంచ ప్రాంతాన్ని తీసుకున్నారు. దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, ఇంకా పైన ప్రాణహితలో రాతి గుట్టలు నదికి అడ్డం పడుకుని ఉన్నాయి. ఏళ్ళ తరబడి డబ్బు పోసి, చివరికి 1871లో వదిలేశారు. ఓడ మన దాకా రాలేదు. ఓడ దాకా మనమే పోవాల్సి వచ్చింది.

ఓడ అనగానే సినిమాల్లో చూపే తెల్లటి విహార నౌకను ఊహించుకోకండి. నేనెక్కిన మొదటి ఓడ బొగ్గు మోసేది. సింగరేణి కుటుంబాలకు బొగ్గు దుమ్ము గురించి నేను చెప్పక్కర్లేదు. ఏడాది పాటు నాటికల్ సైన్స్ డిప్లొమా చదివాక పద్దెనిమిది నెలలు కేడెట్‌గా ఓడ మీద పనిచెయ్యాలి. సుత్తితో తుప్పు రాల్చడం, రంగు వెయ్యడం, ఖాళీ అయిన సరుకు గదుల్ని ఊడ్చి కడగడం, రేవులో మోకులు లాగడం. ఆ తర్వాత పరీక్షలు పాసైతే ఆఫీసరు. నేనిప్పుడు సెకండ్ ఆఫీసర్ని. నా కాపలా పగలు పన్నెండు నుంచి నాలుగు, రాత్రి మళ్ళీ పన్నెండు నుంచి నాలుగు. అందరూ నిద్రపోయే వేళ ఆ పెద్ద ఓడ దారి నా బాధ్యత. చీకట్లో చేపల పడవ దీపం కనిపిస్తే ముందుగానే పక్కకు తిప్పాలి. ఆ పడవలో ఉండేది మన గంగపుత్రుల్లాంటి వాళ్ళే కదా!

ఈ పని ఆడవాళ్ళకు చేతకాదని చాలామంది చెప్పారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే చిన్న తెరచాప నౌక మీద మన నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు బయల్దేరారు. 254 రోజుల్లో భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. నౌకాదళం స్త్రీలను అధికారులుగా తీసుకోవడం మొదలుపెట్టింది 1992లో. చాలా శాఖల్లో శాశ్వత కమిషన్ కోసం మాత్రం 2020 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది. సరుకు ఓడల్లో పరిస్థితి ఇంకా వెనకబడి ఉంది. 2021లో ఓడ యజమానుల అంతర్జాతీయ సంఘాలు వేసిన లెక్కలో సుమారు 18.9 లక్షల మంది నావికులుంటే స్త్రీలు 24,059 మంది. వందకు ఒకరు, కాస్త ఎక్కువ.

వందలో ఒకరుగా బతకడం ఎట్లా ఉంటుందో దాచకుండా చెప్తాను. కేడెట్‌గా ఉన్నప్పుడు ఒక పై అధికారి రాత్రిళ్ళు నా గది తలుపు కొట్టేవాడు. మూడు రాత్రులు తీయలేదు. నాలుగో రోజు తేదీలు, వేళలు కాగితం మీద రాసి కెప్టెన్‌కు ఇచ్చాను. "సర్దుకుపోమ్మా, నీ భవిష్యత్తు చూసుకో" అన్నాడు. ఆ మాటే రాసి ఇవ్వమన్నాను. తర్వాతి రేవులో ఆ అధికారిని దించేశారు. అంతటితో అయిపోలేదు. రెండు నెలలు భోజనాల బల్ల దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు. ఊళ్ళో అయితే అమ్మగారింటికి పోవచ్చు. నడిసముద్రంలో ఎక్కడికి పోతాం?

అందుకే చట్టం తెలిసి ఉండాలి. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. నావికులు కెప్టెన్‌కు నేరుగానే కాదు, బయటి అధికారులకు కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు, చేసినందుకు వేధించకూడదు. లైంగిక వేధింపుల నివారణ పాఠం 2026 జనవరి 1 నుంచి నావికుల ప్రాథమిక శిక్షణలో తప్పనిసరి అయింది. మగవాళ్ళు కూడా ఆ పాఠం చదవాల్సిందే.

ఇక డబ్బు సంగతి. దుబాయికి, మస్కట్‌కు మనుషుల్ని పంపిన మన పల్లెలకు ఏజెంటు అంటే ఏమిటో తెలుసు. ఓడ పేరు చెప్పే ఏజెంట్లూ తయారయ్యారు. మా ఊరి పిల్లగాడొకడు ఎకరం అమ్మి ఒకడి చేతిలో పోశాడు. ఓడైతే దొరికింది గానీ, యజమాని జీతాలు ఆపి ఓడను పరాయి రేవు బయట వదిలేశాడు. తిండి తగ్గింది, తాగే నీళ్ళు తగ్గాయి. ఇక్కడ అతని భార్య చంటిబిడ్డను చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. అతను సంతకం చేసిన ఒప్పందం నకలు కూడా ఆమె దగ్గర లేదు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో 312 ఓడల్లో 3,133 మందిని ఇట్లాగే వదిలేశారు. వాళ్ళలో అందరికంటే ఎక్కువ మంది మన దేశంవాళ్ళే.

కాబట్టి తల్లులూ, భార్యలూ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. అడిగాడంటే అక్కడే అనుమానించండి. రెండు, ఆ కంపెనీకి ముంబైలోని నౌకాయాన డైరెక్టర్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో చూడండి. మూడు, ఒప్పందం నకలు, ఓడ పేరు, ఓడ నంబరు ఇంట్లో ఉంచుకోండి. జీతంలో కొంత భాగం నెలనెలా నేరుగా ఇంటికి పంపమని అడిగే హక్కు నావికుడికి ఉంది. అది ఒప్పందం నాడే రాయించండి. నాలుగు, రెండు నెలలు జీతం ఇవ్వకపోతే చట్టం దాన్ని వదిలెయ్యడం కిందే లెక్కగడుతుంది. ఇంటికి చేర్చే ఖర్చుకూ, నాలుగు నెలల దాకా జీతానికీ బీమా ఉండాలని 2017 నుంచి నిబంధన ఉంది. ఏడాది దాకా ఎదురుచూడకండి, రెండో నెలలోనే అడగండి.

ఈ పని ఒక్కో ఇల్లు ఒంటరిగా చెయ్యలేదు. గల్ఫ్ బాధితుల కోసం మన సంఘాలు కాగితాలు పట్టుకుని తిరిగినట్టే, నావికుల కుటుంబాల కోసం కూడా తిరగాలి. ఆడపిల్ల ఈ చదువు చదువుతానంటే "పెళ్ళి చెయ్యక ఇదేంది" అని బ్యాంకు అప్పుకు సంతకం పెట్టని తండ్రుల దగ్గరికి మనమే పోయి మాట్లాడాలి.

ఇప్పుడు ఆ తల్లికి నా జవాబు. పంపు అక్కా. సముద్రానికి భయపడి ఆపకు; కాగితం చూడకుండా మాత్రం పంపకు. గోదావరి దాటించిన ఆ పడవామె పేరు నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరూ ఎక్కడా రాయలేదు. నేను పోయే ప్రతి రేవులో సిబ్బంది జాబితా ఇస్తారు. అందులో నా పేరు, నా హోదా ఉంటాయి. నీ బిడ్డ పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కాలి.