చెప్పిన కథే మళ్లీ చెప్పగల ధైర్యం



సాహిత్యం, సినిమా చదువుకుని ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు మార్గరీత్ డ్యురాస్ గురించి చెప్పాలని వచ్చాను. ఆ ఫ్రెంచి నవలా రచయిత్రి 1914లో సైగాన్ దగ్గర పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో పాఠాలు చెప్పే తల్లి, కూడబెట్టిన సొమ్ముతో కంబోడియాలో పొలం తీసుకుంటే ఏటా సముద్రపు నీళ్లు ముంచెత్తేవి. ఆ కష్టమే 1950లో 'పసిఫిక్‌కు అడ్డుకట్ట' నవలైంది.

1959లో అలెన్ రెనె తీసిన 'హిరోషిమా మోన్ అమూర్'కు స్క్రీన్‌ప్లే రాసి ఆమె ఆస్కార్ నామినేషన్ పొందారు. కానీ తన నవలల్ని ఇతరులు తెరకెక్కించిన తీరు ఆమెకు నచ్చలేదు. యాభై దాటాక తానే దర్శకత్వానికి దిగారు. 1975లో వచ్చిన 'ఇండియా సాంగ్' కథ కలకత్తాలో జరుగుతుంది, చిత్రీకరణ మాత్రం ఫ్రాన్సులోనే. తెరమీద నటుల పెదవులు కదలవు, గొంతులు వేరుగా వినిపిస్తాయి. మరుసటి ఏడాది అదే సౌండ్‌ట్రాక్‌కు పాడుబడ్డ భవనం దృశ్యాలు జోడించి ఇంకో సినిమా తీశారు. మాటకూ బొమ్మకూ ఉన్న ముడిని విప్పి, రెండింటికీ విడివిడిగా బలం ఉందని చూపించారు.

డెబ్బై ఏళ్ల వయసులో, 1984లో, తన కౌమారానికే తిరిగి వెళ్లి 'ప్రేమికుడు' నవల రాశారు. దానికి గోంకూర్ బహుమతి వచ్చింది. ఆ నవలను సినిమాగా తీస్తున్న జాన్ జాక్ అనోతో అభిప్రాయభేదం వచ్చినప్పుడు, 1991లో అదే కథను మరో నవలగా రాశారు. సినిమాగా తీస్తే ఎలా తీయాలో సూచనలు కూడా అందులో చేర్చారు.

మిత్రులారా, కొత్త కథ దొరకలేదని దిగులు పడకండి. మీ ఇంటి కష్టం, మీ ఊరి జ్ఞాపకం ఒక్క పుస్తకంతో, ఒక్క సినిమాతో అయిపోయేవి కావు. వయసు పెరిగేకొద్దీ వాటిలో ముందు కనపడనివి కనిపిస్తాయి. మీ కథను మరొకరు మీకు నచ్చని తీరులో చెబితే, మీరు మళ్లీ చెప్పండి. కలం చాలకపోతే కెమెరా పట్టండి, కెమెరా చాలకపోతే కలం పట్టండి. ఈ పట్టా మీకు ఆ రెండు చేతులూ ఇచ్చింది. రెండింటినీ వాడుకోండి.