మూతి వంకరపోని పక్షవాతము

పక్షవాతమనగానే మన కన్నుల యెదుట నిలుచు రూపమొకటి కలదు. మూతి ఒక ప్రక్కకు లాగును, చేయి పట్టు తప్పును, మాట ముద్దగా వచ్చును. ఈ మూడు గుర్తులును నేడు చాలమందికి తెలిసినవి, సంతోషమే. కాని మెదడునకు రక్తము తగ్గిన ప్రతిసారియు ఆ జబ్బు ఈ వేషములోనే రాదు. వేరొక వేషమున వచ్చినప్పుడు ఇంటివారు పోల్చుకొనలేరు; ఒక్కొక్కప్పుడు వైద్యులు సైతము పోల్చుకొనలేరు. నేడు మేము ముచ్చటింపదలచినది ఆ మారువేషములను గురించియే.

మన హైదరాబాదులోనే జరిగిన యుదాహరణ మొకటి కలదు. దీనిని 2022లో అపోలో ఆసుపత్రి నాడీవైద్యులు డాక్టర్ సుధీర్ కుమార్ లోకమునకు వెల్లడించిరి. ఏబదియేండ్ల స్త్రీ యొకతె బ్యూటీ పార్లరులో మెడ వెనుకకు వాల్చి తల కడిగించుకొనుచుండగా కళ్లు తిరిగినవి, వికారము పుట్టినది, వాంతులైనవి. ఇది కడుపుకు సంబంధించినదే యనుకొని ఆమెను జీర్ణకోశ వైద్యుని యొద్దకు తీసికొనిపోయిరి. ఒక దినము గడచినది. మరునాడు నడకలో తూలు కనబడినది. అప్పుడు ఎం.ఆర్.ఐ. తీయగా, చిన్నమెదడు కుడిభాగమున రక్తమందక దెబ్బతిన్న చోటు బయటపడినది. ఆమె మెడలోని ఎడమ ధమని సహజముగనే సన్ననిదట. ఇట్టి స్త్రీల యైదుగురి వృత్తాంతమును 1993లోనే అమెరికా వైద్యుడు వైన్‌ట్రాబ్ ప్రకటించియుండెను.

మెడ వాల్చుటకును మెదడునకును సంబంధమేమి? కార్వాన్ వాసులకు ఈ విషయము చెప్పుట సులభము. బిడారులు దిగిన చోటు గనుకనే ఆ పేటకు ఆ పేరు వచ్చినది. గోలకొండనుండి కార్వాన్ మీదుగా వచ్చిన దారి మూసీని దాటుటకు 1578లో పురానాపూల్ కట్టబడినది. అప్పుడు నదికి అదియొక్కటే వంతెన. నేడట్లు కాదు, ఒక వంతెన మూసినచో బండ్లు మరియొక వంతెన మీదుగా చుట్టి పోవును. మెదడునకును నాలుగు దారులు కలవు. రెండు మెడ ముందరి ప్రక్కల పెద్ద ధమనులు. రెండు మెడపూసలలోని రంధ్రముల గుండా ఎగబ్రాకు వెనుకటి ధమనులు. ఈ నాలుగును మెదడు క్రింద ఒక వలయముగా కలిసికొనును. 1664లో దీనిని చక్కగా వర్ణించిన థామస్ విల్లిస్ పేరే దానికి నిలిచినది. ఒక దారి మూసికొనిపోయినను ఈ వలయము మరియొక దారినుండి రక్తమును తెచ్చిపెట్టును. అయితే అందరి వలయమును సంపూర్ణమైనది కాదు. ఒక దారి పుట్టుకతోనే యిరుకైనవారికి రెండవ దారి మెడ మెలికవలన నొక్కబడిన యెడల చుట్టిపోవుటకు త్రోవ చాలదు. క్షౌరశాలలో తల మర్దన ముగించి మెడను టక్కున విరుచు వేడుక కలదే, అది మాకెన్నడును నచ్చలేదు. ఆ విదలింపునకు ధమని లోపొర చిరుగవచ్చునని వైద్యులును హెచ్చరించుచున్నారు.

వెనుకటి ధమనులలో రక్తము తగ్గినప్పుడు పుట్టు లక్షణములు మిక్కిలి చిత్రమైనవి. ఉన్నట్టుండి ఒక వస్తువు రెండుగా కనబడును. చూపులో సగము మాయమగును. రోగి కుడిప్రక్క ద్వారబంధమునకు గుద్దుకొనుచు కళ్లద్దములు మార్పించుకొనవలె ననుకొనును. ఎక్కిళ్లు పట్టి గంటలకొలది విడువవు. 1895లో వాలెన్‌బర్గ్ వర్ణించిన రకములో ముఖమున ఒక ప్రక్కయు, దేహమున రెండవ ప్రక్కయు వేడి చల్లదనము తెలియకపోవును. ఒక చేతికి వేడిగానున్న నీరు రెండవ చేతికి వేడి కానే కాదు. 1922లో లెర్మిట్ అను ఫ్రెంచి వైద్యుడు చూచిన వృద్ధురాలికి సాయంకాలము కాగానే విచిత్ర జంతువులు కానవచ్చెడివి. ఇట్టిది మన పేటలలో జరిగినచో ఆమెను ఆసుపత్రికి గాక తాయెత్తు కట్టువాని యొద్దకే ముందు కొనిపోవుదురని మా యనుమానము.

ముందరి ధమనుల మారువేషములు వేరు. ఒక కంటిపై తెర దిగినట్లయి కొన్ని నిమిషములలో తొలగిపోవును. లేచి నిలుచుండగానే ఒక చేయి గాని కాలు గాని కొట్టుకొనును; మూర్ఛ యని భ్రమపడి ఆ మందులే వాడుదురు. మాట ముద్దగాక స్పష్టముగనే వచ్చుచు అర్థము లేకుండ పోవుటయు కలదు; తాగినాడని యిరుగుపొరుగువారు నవ్వుదురు. కొందరు రోగులు తమ యెడమచేయి తమదే కాదందురు, తమకేమియు కాలేదని వాదింతురు. ఆ వాదమే జబ్బు.

ఇంకొకటి చెప్పవలెను. గుడిమల్కాపూర్ మార్కెట్టులో బుట్టలెత్తు కూలి యొకనికి ఎడమచేతితో పనిచేసినప్పుడెల్ల కళ్లు తిరుగుచున్నవనుకొందము. చేతికి పోవు పెద్ద ధమని మొదట మూసికొనిపోయినచో, చేయి తనకు కావలసిన రక్తమును మెదడునకు పోవు దారినుండి వెనుకకు లాగికొనును. వైద్యులు దీనిని దొంగతనమనియే పిలిచెదరు. రెండు చేతులకును రక్తపుపోటు కొలిచి చూచినచో చాలవరకు ఈ దొంగ దొరకును.

కళ్లు తిరిగిన ప్రతివానికిని పక్షవాతమేనని మేము చెప్పుట లేదు. వానిలో హెచ్చుభాగము లోచెవి దోషమువలన కలుగునవే. కాని తూలు అకస్మాత్తుగా వచ్చి, రోగి పట్టులేక నిలువలేకపోయినను, చూపు చెదరినను, పైత్యమని నిమ్మరసమిచ్చి కూర్చుండరాదు. అమెరికాలోని కెంటకీలో 736 మంది పక్షవాత రోగులను పరిశీలింపగా, నూటికి 14 మందిలో మూతి, చేయి, మాట అను మూడు గుర్తులలో ఒక్కటియు లేదు. నడకయు చూపును కూడ చూచినచో, తప్పిపోవువారు నూటికి 4 మందికి తగ్గిరి. ఆసుపత్రిలో ముందుగా తీయు సి.టి. స్కానులో వెనుక మెదడు దెబ్బ తరచు కనబడదు. కనుక స్కాను బాగున్నదని చెప్పినను, తూలు తగ్గనప్పుడు రోగిని నడిపించి చూడుడని ఇంటివారు అడుగవచ్చును. అడుగుట మర్యాద తప్పుట కాదు.

లక్షణము పది నిమిషములలో పోయినను ఆసుపత్రికి పోవలసినదే. అసలు దెబ్బ తగులు భయము మొదటి రెండు దినములలోనే హెచ్చు. మనయింట నున్న ఆస్పిరిన్ బిళ్లను స్కానుకు ముందు వేయరాదు, ఏలన రక్తము చిట్లుటవలన కలిగిన జబ్బునకును ఇవే గుర్తులుండవచ్చును. 108కి ఫోను చేసి, రాత్రింబవళ్లు స్కాను తీయు ఆసుపత్రికే పోవలెను. గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపున ఇచ్చినప్పుడే పనిచేయును. అందుచే వైద్యుడు మొదట అడుగు ప్రశ్న, రోగి చివరిసారిగా ఎప్పుడు బాగుండెను అని. గడియారము చూచి ఆ వేళను కాగితముపై వ్రాసికొని పోవలెను. నిదురలో వచ్చినదైతే తెల్లవారి లేచిన వేళ లెక్కకు రాదు. రాత్రి పడుకొన్న వేళనే చెప్పవలెను.