మత్తు మాన్పించడం – మన ఇంటి బాధ్యత, మన వీధి బాధ్యత

(కంచరపాలెంలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మనం పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటున్నాము. అవన్నీ మంచి విషయాలే. కాని ఒక్క విషయం మాత్రం ప్రతి ఏడూ వేదిక మెట్ల దగ్గరే ఆగిపోతున్నది. సభ ముగిసి అందరూ భోజనాలకు లేచాక, ఎవరో ఒక తల్లి పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "బాబూ, మావాడిచేత ఎలాగైనా మాన్పించండి, ఎవరికీ చెప్పకండి" అంటుంది. ఏమి మాన్పించాలో ఆమె నోటితో అనదు. మనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ మాటను ఈ ఏడు మైకులోనే చెప్పాలని మేము నిశ్చయించుకున్నాము.

మద్యం మన మతంలో నిషిద్ధం. అందులో రెండో మాట లేదు. కాని నిషిద్ధం కాబట్టి మన ఇళ్ళల్లో అది లేదని అనుకోవడం వేరే సంగతి. "మనలో ఎవరూ తాగరండీ" అని పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాము. ఆ గొప్ప ఎవరికి ఉపకారం చేస్తున్నది? ఇతరుల ఇంట్లో తాగుబోతుంటే ఆ ఇంటికి ఒక కష్టమే. మన ఇంట్లో ఉంటే రెండు కష్టాలు. ఒకటి జబ్బు, రెండోది ఆ జబ్బును దాచడం. మసీదులో తెలిసిపోతుందని, చెల్లెలికి సంబంధం తప్పిపోతుందని దాస్తారు. దాచి దాచి, కళ్ళు పచ్చబడి, నెత్తురు వాంతి అయ్యాక ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోతారు. అప్పటికి కాలేయం పాడైపోయి ఉంటుంది. డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

అసలు ఇది ఎలా మొదలవుతుందో చూడండి. మన కంచరపాలెం కష్టజీవుల పేట. రైల్వే, పోర్టు, షిప్‌యార్డు, ఇండస్ట్రియల్ ఎస్టేటు – వీటినే నమ్ముకుని బ్రతికిన పేట. పగలు షిఫ్టు, రాత్రి షిఫ్టు, బరువులు ఎత్తడం, ఎండలో వెల్డింగు, తెల్లవార్లూ లారీ స్టీరింగు. మొదట ఒళ్ళు నొప్పులకని ఒక చుక్క. తరువాత నిద్ర పట్టడానికని. ఆ తరువాత మనసు నొప్పికని. కాంట్రాక్టు పని పోయింది, వడ్డీ పెరిగిపోయింది, బిడ్డ చనిపోయింది, పుట్టింటికి తిరిగివచ్చిన చెల్లెలి ముఖం చూడలేకపోతున్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిమీద విరుచుకుపడ్డనాడు ఎన్నో రేకుల ఇళ్ళు ఎగిరిపోయాయి. ఇంటి కప్పు మళ్ళీ వేసుకోవచ్చు. ఆ రోజు లోపల విరిగినది ఏమిటో ఎవరు అడిగారు? మగవాడు ఏడవకూడదన్నాము. ఏడవలేనివాడు తాగుతాడు. ఇది వెనకేసుకురావడం కాదు, కారణం చెప్పడం. కారణం తెలియకుండా వైద్యం లేదు.

ఈ మాట కొత్తదేమీ కాదు. వెయ్యేళ్ళకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు (ఆయన 934లో మరణించారు) దేహం ఆరోగ్యం, మనసు ఆరోగ్యం – రెండింటి గురించీ కలిపి ఒక గ్రంథం వ్రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం వేరు, రెండోది దేహంలోంచి పుడుతుంది కనుక దానికి దేహవైద్యం కూడా కావాలి అన్నారు. మన పెద్దలు అంత ముందుగా చెప్పిన మాటను మనమే మరచిపోయి, చినవాల్తేరు ఆసుపత్రి పేరెత్తితే నవ్వుతాము. "వీణ్ణి వాల్తేరు పంపాలిరా" అని పిల్లలు కూడా తిట్టుకుంటారు. ఆ నవ్వుకు భయపడి ఎంతమంది ఆ గేటు దాటలేకపోయారో ఆలోచించండి.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే సంగతి చెబుతాము. దయచేసి శ్రద్ధగా వినండి.

ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? మెదడు ఆ మత్తుకు అలవాటు పడి ఉంటుంది. మత్తు తీసివేయగానే పగ్గాలు తెగిన బండిలా పరిగెత్తుతుంది. ఆరు గంటల నుండి ఒక రోజులోపల చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల లోపల కొందరికి మూర్ఛ వస్తుంది. రెండో రోజు నుండి నాలుగో రోజు మధ్య మరికొందరికి మతి చలిస్తుంది. లేని పురుగులు కనిపిస్తాయి, లేని మనుషులు పిలుస్తారు, జ్వరం, కేకలు. ఆ స్థితిలో వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

మన ఇళ్ళల్లో ఇది ఎప్పుడు జరుగుతుంది? రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి మంచి మనసుతో "ఇక ముట్టను" అని ఒట్టు పెట్టుకుంటాడు. రెండో రోజాకో, మూడో రోజాకో వణుకు, పిచ్చి మాటలు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు, తావీజు కట్టిస్తారు, దర్గా కొండకు తీసుకుపోతారు. దువా చేయించవద్దని మేము అనడం లేదు. దువా చేయించండి, కాని ముందు ఆసుపత్రికి నడవండి. రోగికి రోజా విషయంలో మినహాయింపు ఉన్నదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈయన కూడా రోగియే అని ఒప్పుకోవడానికి మనకెందుకు అంత కష్టం?

డాక్టర్లు ఇటువంటివారిని కొద్ది రోజులు కనిపెట్టి ఉండి, వణుకు తగ్గే మందులు ఇచ్చి, ఆ మందులను కూడా క్రమంగా తగ్గిస్తారు. బి1 విటమిను ఇంజెక్షన్లు ఇస్తారు. చాలాకాలం తాగి తిండి లేక నీరసించినవాడికి బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు సీసా ఎక్కిస్తే మెదడుకు హాని జరగవచ్చు. కనుక వీధి చివర సూదిమందుతో సరిపెట్టుకోకండి. మూర్ఛ వచ్చినా, మతి తప్పినా తిన్నగా కె.జి.హెచ్. క్యాజువాలిటీకి తీసుకుపోండి. నిలకడగా ఉన్నవాణ్ణి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకుపోండి.

అమ్మలకు, ఖాలాలకు ఒక ప్రత్యేక మనవి. "మందు మాన్పించే మాత్ర" అని ఒకటి ఉన్నది. దాని పేరు డైసల్ఫిరామ్. ఎవరో చెప్పారని తెచ్చి, అతనికి తెలియకుండా పప్పులోనో, చాయ్‌లోనో కలిపి పెట్టేవారున్నారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే అది విరిగిపోక విషంగా నిలుస్తుంది. ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, గుండె ఆగినా ఆగవచ్చు. మాత్ర ఆపిన తరువాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండవచ్చు. అది రోగి ఒప్పుకుని, తెలిసి, డాక్టరు చూస్తుండగా వేసుకోవలసిన మందు. ప్రేమతోనే కలుపుతారమ్మా, మేము కాదనము. కాని ప్రాణం తీసే పని అది.

అంగళ్ళు మూసేస్తే సరిపోతుంది కదా అని కొందరు యువకులు అడుగుతారు. మన రాష్ట్రం ఆ పాఠం కూడా చదివింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కటై సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ అనే పేద తల్లి వారికి ముందు నిలిచారు. ఆమె 2016లో కన్నుమూశారు. ఆ ఊరి కథ వయోజన విద్య పాఠంగా అచ్చయి, చదివిన ప్రతి ఊళ్ళో ఆడవాళ్ళను లేపింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఆ తల్లుల పోరాటం వృథా అని మేము అనము. నోరు లేదనుకున్నవారు ప్రభుత్వం చేత నిర్ణయం మార్పించారు. కాని ఒక్కటి గమనించండి: దుకాణానికి తాళం పడినంత మాత్రాన మనిషి లోపలి దాహానికి తాళం పడదు. 2020లో లాక్‌డౌను సమయంలో మద్యం దొరకక ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది ఒళ్ళు తెలియని పొగరు కాదు, ఒళ్ళు నిలవనివ్వని జబ్బు. ఆనాడు వారిని చేయిపట్టి వైద్యానికి తీసుకువెళ్ళేవారుంటే బ్రతికేవారేమో.

నిషేధం మన గ్రంథంలో కూడా ఒక్కరోజులో రాలేదని పెద్దలకు తెలుసు. మొదట లాభం కంటే నష్టమే ఎక్కువని చెప్పి ఆలోచింపజేసింది. తరువాత మత్తులో నమాజుకు దగ్గరకావద్దన్నది. చివరకు పూర్తిగా విడిచిపెట్టమన్నది. మనిషిని పుట్టించినవానికి మనిషి సంగతి తెలుసు. మరి మనమో? ఒక రాత్రి తలమీద చేయి పెట్టించుకుని ఒట్టు వేయిస్తాము, తెల్లారి తప్పితే మొహం మీద తలుపు వేస్తాము.

ఇప్పుడు గంజాయి మాట. మన ఏజెన్సీ కొండల నుండి దిగివచ్చే సరుకు మన కుర్రవాళ్ళ జేబుల్లోకి చేరుతున్నది. మొదటి పొట్లం ఊరికే ఇస్తారు. తరువాత వాడిచేతనే మోయిస్తారు. వయసు చిన్నది కదా అని ఊరుకుంటే కొందరికి మతిభ్రమణం దాకా పోతుంది. పోలీసు కేసుకు భయపడి తండ్రులు వైద్యానికి తీసుకుపోవడం లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ అనే సెక్షను ఉన్నది. కొద్ది పరిమాణంతో పట్టుబడ్డ వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట వైద్యానికి ముందుకొచ్చి, దానిని పూర్తిచేస్తే శిక్ష నుండి రక్షణ కలదు. అమ్మేవాడికి కాదు, చిక్కుకున్నవాడికి. అలాగే ప్రాణం తీసుకోబోయి బ్రతికినవారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. కేసు భయంతో ఇంట్లో దాచకండి. ఆ చట్టమే రోగిని గొలుసులతో కట్టరాదని కూడా అన్నది. కనుక కొట్టి, కట్టి మాన్పిస్తామనే చోటుకు మీ బిడ్డను అప్పగించకండి.

మాన్పించిన తరువాత ఏమి? ఇక్కడే మన పని మొదలవుతుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జను – ఇద్దరూ తాగుడుకు బానిసలే – ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దానినే ఇప్పుడు ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటున్నారు. మన దేశంలో కూడా ఉన్నది. వారి సూత్రం చాలా చిన్నది. జీవితాంతం మానేస్తానని కాదు, ఈ రోజు తాగను అని. పడ్డవాడికి పడి లేచినవాడే తోడు అని. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు భర్తను ఈ జబ్బుకే పోగొట్టుకుని, ఆ దుఃఖాన్ని మూట కట్టుకుని కూర్చోకుండా 1980లో వైద్యసంస్థ స్థాపించారు. ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చింది.

ఒకసారి మానినవాడు మళ్ళీ ఒకనాడు తాగవచ్చు. అది చాలామందికి జరుగుతుంది. చక్కెర వ్యాధివాడికి చక్కెర పెరిగితే డాక్టరు దగ్గరకు మళ్ళీ పంపుతామే గాని ఇంట్లోంచి వెళ్ళగొట్టముగదా! ఇదీ అంతే. అయితే ఒక మాట. అతడు రోగియే గాని, భార్యమీద చేయి ఎత్తే హక్కు ఏ రోగమూ ఇవ్వదు. దెబ్బలు తింటున్న చెల్లెలిని "ఓర్చుకో అమ్మా" అని తిరిగి పంపేయడం ఓదార్పు కాదు. ఆమెను, పిల్లలను ముందు భద్రమైన చోట ఉంచి, ఆ తరువాత అతడి వైద్యం సంగతి చూడాలి.

చివరగా మేము ఈ సభను కోరేవి మూడే పనులు. మొదటిది – సంఘం నిధిలో కొంత భాగం వైద్యానికి తీసుకువెళ్ళే ఖర్చుకు, ఆ కొద్ది రోజులు ఆ ఇంటి బియ్యానికి, పిల్లల ఫీజులకు కేటాయించాలి. కూలివాడు ఆసుపత్రిలో పడుకుంటే ఆ పూట ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? రెండవది – గుట్టు నిలిపే ఇద్దరు పెద్దమనుషులను, ఇద్దరు ఆడవాళ్ళను ఎన్నుకోవాలి. ఏ వేళ తలుపు కొట్టినా వారు వెంట నడవాలి. ఎవరింటి పేరూ వారి నోట బయటికి రాకూడదు. మూడవది – మానినవాడికి పని ఇప్పించాలి. మసీదులో పక్కన నిలబడితే జరిగిపోకుండా భుజం ఆనించాలి. సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు గడవడమే అతనికి కష్టం. ఆ మూడు గంటలు ఎవరో ఒకరు చాయ్‌కి పిలవండి చాలు.

రెండు నెంబర్లు వ్రాసుకోండి. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416. వ్యసనం మాన్పించే సలహాకు 14446. డబ్బు ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు.

పరదా వెనుకనున్న ఆ తల్లికి మా సమాధానం ఇది: అమ్మా, మీరు ఇకమీదట గొంతు తగ్గించి అడగనక్కరలేదు. రేపు ఉదయం మీవాడిని తీసుకుని రండి, మేము కూడా మీతో వస్తాము.  అల్లాహ్ మన బిడ్డలందరినీ కాపాడుగాక. ఆమీన్.